పదానికి పావలా నుంచి మొదలుపెట్టాను

2020 మార్చి నెలాఖరులో మా ప్రెస్సు మూతపడింది. విజయవాడలో పన్నెండేళ్ళుగా అక్కడ డీటీపీ చేస్తూ, ప్రూఫులు చూస్తూ ఉన్నాను. శుభలేఖలు, స్కూలు గైడ్లు, ఎన్నికలొస్తే కరపత్రాలు, సంవత్సరాంతంలో క్యాలెండర్లు. జీతం 14,000 రూపాయలు. మా ఆయన ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తారు. ఇద్దరి సంపాదనా ఒకే వారంలో ఆగిపోయింది. ఓనరు గారు ఫోన్ చేసి, "అమ్మాయ్, తెరిచినప్పుడు కబురు చేస్తా" అన్నారు. ఆ ప్రెస్సు మళ్ళీ తెరవలేదు.

ఇప్పుడు ఇంటి నుంచే రాసి, అనువాదాలు చేసి సంపాదిస్తున్నాను. ఎలా మొదలుపెట్టావని, ఎంత వస్తుందని, మాకూ చెప్పమని చాలామంది అడుగుతున్నారు. ఫోనులో పది నిమిషాల్లో చెప్పగలిగే సంగతి కాదు. అందుకే పోగొట్టుకున్న డబ్బుతో సహా అంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట పోగొట్టుకున్నదే చెబుతాను. ఆ మేలో వాట్సాప్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లో కూర్చుని టైపింగ్, నెలకు 25,000 అని. రిజిస్ట్రేషన్ కోసం 2,200 కట్టమన్నారు. కట్టాను. ఫొటోలు తీసిన 400 పేజీలు పంపి, ఏడు రోజుల్లో నూటికి 98 వంతులు తప్పు లేకుండా టైపు చేయమన్నారు. రోజుకు పదహారు గంటలు కూర్చుని పూర్తి చేశాను. నా టైపింగ్ మీద నాకు నమ్మకం. ఎనిమిదో రోజు, మీ పనిలో తప్పులున్నాయి, అగ్రిమెంటు ఉల్లంఘించారు, 6,500 కట్టాలి, లేకపోతే కోర్టు కేసు అంటూ నోటీసు పంపారు. రెండు రాత్రులు నిద్ర లేదు. భయపడుతూనే మా నాన్నకు ఫోన్ చేశాను.

మా నాన్న తిరువూరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి. నలభై ఏళ్ళు అదే పని. నోటీసు చదివి వినిపించమని, మొత్తం విన్నాక ఇలా అన్నాడు: "వకీలు ఎన్‌రోల్‌మెంట్ నంబరు లేదు, ఆఫీసు చిరునామా లేదు, ఏ కోర్టో లేదు. నోటీసు ఇట్లా ఉండదు తల్లీ. ఫోన్ ఎత్తకు." ఎత్తలేదు. నెలకు ఆ ఫోన్లు వాటంతటవే ఆగిపోయాయి. పని ఇవ్వడానికి మన దగ్గరే డబ్బు అడిగేవాళ్ళెవరూ నిజమైన పని ఇవ్వరు. ఇలాంటిది మీకు జరిగితే ఇప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదులకు 1930 నంబరు ఉంది. డబ్బు పంపిన వెంటనే ఫోన్ చేయండి, సిగ్గుపడి దాచుకోకండి. నేను అప్పుడు మా ఆయనకు కూడా వారం రోజులు చెప్పలేకపోయాను.

ఆ తర్వాత ప్రెస్సులో పరిచయమైన ఒకావిడ ద్వారా అనువాదాల ఏజెన్సీ ఒకటి తెలిసింది. ఇంగ్లీషు నుంచి తెలుగుకి, పదానికి 25 పైసలు. అంటే పావలా. ఒప్పుకున్నాను. మొదటి ఫైలు 1,000 పదాలది, ఒక మందు వాడే విధానం గురించి. 250 వస్తాయని అనుకుంటే 160 ఇచ్చారు. తప్పు లెక్కేమో అని అడిగితే, "మేడమ్, మీరు రాసిన తెలుగులో 640 పదాలే ఉన్నాయి కదా" అన్నాడు కోఆర్డినేటర్.

ఈ రంగంలో నాకు తెలిసిన అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అక్కడే తెలిసింది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి. "రిజిస్టర్ చేయించుకోవాలనుకునేవాళ్ళు" అని రెండు మాటల్లో మనం అనేదానికి ఇంగ్లీషులో ఏడు మాటలు కావాలి. మన మాట పొడుగు, లెక్కకు తక్కువ. పైగా మంచి తెలుగు రాసేకొద్దీ పదాలు ఇంకా తగ్గుతాయి. తెలుగు పదాలు లెక్కపెట్టి డబ్బిస్తే, బాగా రాసినవాళ్ళకే నష్టం. నేను చేసిన పది ఫైళ్ళు తీసి లెక్కపెట్టుకున్నాను. 1,000 ఇంగ్లీషు పదాలు తెలుగులో 620 నుంచి 720 దాకా వచ్చాయి. ఆ లెక్క కాగితం ఫొటో తీసి వాళ్ళకే పంపి, మూల ప్రతిలోని పదాలనే లెక్కపెట్టాలని అడిగాను. వారం తర్వాత ఒప్పుకున్నారు. రేటు కూడా 40 పైసలకు పెంచారు. అడగకపోతే ఇప్పటికీ పావలా దగ్గరే ఉండేదాన్నేమో. మీరు అనువాదం ఒప్పుకునేటప్పుడు రేటు కంటే ముందు అడగవలసింది, ఏ భాష పదాలు లెక్కపెడతారని.

ఇంకో చిక్కు ఫాంట్లు. ప్రెస్సులో నేను టైపు చేసిందంతా అనులో. అను ఫాంటులో చేసిన పేజీ, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. సెర్చ్‌లో దొరకదు. ఆన్‌లైన్‌కు యూనికోడ్ కావాలి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాలు. లేఖిని అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి చూశాను, నాకు కుదరలేదు. చివరికి విండోస్‌లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు నేర్చుకున్నాను. పన్నెండేళ్ళు అలవాటైన వేళ్ళు మాట వినవు. రెండు నెలలు నా స్పీడు సగానికి పడిపోయింది, ఆ రెండు నెలలూ ఆదాయమూ సగమే. ఇంకా ఒక చిన్న విషయం. "ఫోన్‌లో", "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి. పెట్టకపోతే "ఫోన్లో", "సాఫ్ట్వేర్" అని వత్తుగా మారిపోతాయి. చాలామంది పట్టించుకోరు. నేను ప్రూఫులు చూసినదాన్ని, నా కంటికి అది ముల్లులా ఉంటుంది. ఒక బీమా కంపెనీ పని నాకు నిలవడానికి కారణం ఇదేనని అక్కడి మేడమ్ స్వయంగా చెప్పారు. మిగతావాళ్ళ ఫైళ్ళలో ఆ అక్షరాలు సరిచేయడానికే వాళ్ళకు ఒక రోజు పట్టేదట.

డబ్బు ఎగ్గొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక ఏజెన్సీ మూడు నెలలు పని చేయించుకుని 7,350 ఇవ్వలేదు. మొదట 45 రోజుల్లో అన్నారు, తర్వాత క్లయింటు ఇవ్వలేదన్నారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇంకొకరు శాంపిల్ అని ఒక పేజీ ఉచితంగా చేయించుకున్నారు. అదే వారం ప్రెస్సులో నాతో పనిచేసిన అమ్మాయికి కూడా శాంపిల్ వచ్చింది. ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటే తెలిసింది, నాది నాలుగో పేజీ, తనది ఐదో పేజీ. ఒకే పుస్తకాన్ని ముక్కలు చేసి ఎంతమందితో ఊరికే చేయించుకున్నారో! అప్పటి నుంచి శాంపిల్ 200 పదాలు దాటితే చేయను. కొత్తవాళ్ళయితే 2,000 రూపాయల పని వరకే చేస్తాను, ఆ డబ్బు వచ్చాకే మిగతాది. రేటు, గడువు, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి ఈమెయిల్‌లో రాసి పంపమంటాను. ఇలా అడిగితే పని పోతుందని భయం వేస్తుంది. నిజమే, ఒకటి రెండు పోయాయి. పోయినవి ఎలాంటివో తర్వాత ఇతరుల ద్వారా తెలిసింది.

ఇక సొంతంగా వ్యాసాలు రాయడం. 2021 ఆగస్టులో సొంత పేరుతో ఒక సైటు మొదలుపెట్టాను. డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కొడుకు అన్నీ అమర్చి పెట్టాడు. మన పేజీల్లో గూగుల్ ప్రకటనలు వేసి, వాటి డబ్బులో మనకు వాటా ఇచ్చేది యాడ్‌సెన్స్. తెలుగు పేజీలకు ఆ ప్రకటనలు 2018 నుంచి వస్తున్నాయి, దానికి ముందు తెలుగులో రాసేవాళ్ళకు ఈ దారే లేదు. నేను ముప్పై వ్యాసాలు రాసి అప్లై చేశాను. తిరస్కరించారు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. పేజీలలో చెప్పుకోదగ్గ విలువ లేదన్నారు. అప్పుడు చాలా బాధపడ్డాను కానీ ఇప్పుడు చూస్తే వాళ్ళన్నది నిజం. ఆ ముప్పైలో ఇరవై ఏడు, పేపర్లో వచ్చిన ఆరోగ్య చిట్కాలూ పండుగల విశేషాలూ నా మాటల్లో తిప్పి రాసినవే. జామాకు గురించి నాకు ప్రత్యేకంగా ఏం తెలుసు? అప్పటికే వందమంది రాసిందే నేనూ రాశాను.

మిగిలిన మూడింట్లో ఒకటి మాత్రం రోజూ ఎవరో ఒకరు చదువుతున్నారు. అది వీలునామా గురించి. నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు గుర్తుచేసుకుని ఒక రాత్రి రాసింది. వీలునామా తెల్ల కాగితం మీద రాయొచ్చా? రాయొచ్చు, స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్టర్ చేయించాలా? చట్ట ప్రకారం తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత తగాదా తగ్గుతుంది. సాక్షులెందరు? 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కనీసం ఇద్దరు. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్ళనే సాక్షిగా పెట్టొద్దని నాన్న అందరికీ చెప్పేవాడు, అదీ రాశాను. దానపత్రం అలా కాదు, ఇల్లూ పొలమూ దానమిస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంతే వ్యాసం. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు.

ఆ ఇరవై ఏడూ తీసేశాను. వారానికి ఒకసారి నాన్నకు ఫోన్ చేసి, ఒక్కో విషయం చెప్పించుకుని, చట్టం పుస్తకంతో సరిచూసుకుని రాయడం మొదలుపెట్టాను. విక్రయ పత్రానికీ విక్రయ అగ్రిమెంటుకూ తేడా. ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రంలో, ఏమేం చూడాలి. పాత దస్తావేజుల్లో పారిఖత్తు అని కనిపించే పంపకాల పత్రం ఏమిటి. హద్దుల దగ్గర రాసే మాటలకు అర్థాలు. నాన్నకు డెబ్బై దాటాయి, ఆఫీసుకు వెళ్ళడం మానేశాడు. ఇన్నాళ్ళ తన పని ఎవరికీ పనికిరాకుండా పోతుందని లోపల్లోపల బాధపడేవాడు. నేను అడుగుతుంటే ఆయన గొంతు మారింది. మధ్యాహ్నం పూట ఆయనే ఫోన్ చేసి, "సాక్షి సంతకం గురించి నిన్న ఒకటి మరిచాను, రాసుకో" అనేవాడు. ఆ సైటు నాకు డబ్బు ఇవ్వకపోయినా అందుకోసమైనా కొనసాగించేదాన్ని.

పందొమ్మిది వ్యాసాలతో మూడోసారి అప్లై చేస్తే ఒప్పుకున్నారు. ఖాతాలో పది డాలర్లు చేరాక, చిరునామా నిజమైనదేనా అని చూడడానికి ఒక పిన్ నంబరును పోస్టులో పంపుతారు. నేను డోర్ నంబర్లో పాతదీ కొత్తదీ కలిపి తప్పుగా రాశాను. రాలేదు. మూడు వారాలు ఆగి, సరిచేసి మళ్ళీ అడిగాను. రెండోసారి మామూలు ఉత్తరంలా వచ్చింది. అందులో ఆరు అంకెలు. తర్వాత బ్యాంకు. విదేశీ డబ్బు రావాలంటే స్విఫ్ట్ కోడ్ కావాలి. మా వీధి చివర బ్రాంచికి ఆ కోడ్ లేదు, అక్కడివాళ్ళకు ఎవరిని అడగాలో కూడా తెలియదు. నాలుగుసార్లు తిరిగాను. అదే బ్యాంకు మెయిన్ బ్రాంచి కోడ్ వేసి, నా ఖాతా నంబరు ఇస్తే సరిపోతుందని చివరికి ఒక ఆఫీసరు గారు చెప్పారు.

వంద డాలర్లు నిండితేనే డబ్బు పంపుతారు. సైటు మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు అవి నిండడానికి పద్నాలుగు నెలలు పట్టింది. 2022 అక్టోబరు నెలాఖరులో, బ్యాంకు చార్జీలు పోను 8,200 చిల్లర ఖాతాలో పడ్డాయి. నెలకు చూస్తే 600 కూడా కాదు. ఈ మాట స్పష్టంగా రాయాలి, ఎందుకంటే "ఆర్టికల్స్ రాయండి, నెలకు లక్ష సంపాదించండి" అనే వీడియోలు చూసి నాకు ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉన్న ఉద్యోగం మానేసి ఇందులోకి వద్దామని అడుగుతారు. వద్దండి. ఇంట్లో బియ్యం నిండుకోకుండా చూసే ఇంకో ఆధారం ఉంటేనే ఈ పద్నాలుగు నెలలు తట్టుకోగలం. నాకు ఆ ఆధారం అనువాదం, మా ఆయన వెల్డింగు.

చదివేవాళ్ళు ఎలా వెతుకుతారో తెలుసుకున్నాక కొంచెం పెరిగింది. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. అందుకని పేజీ చిరునామాను ఆ అక్షరాల్లో పెట్టడం మొదలుపెట్టాను. వ్యాసం మాత్రం పూర్తిగా తెలుగే. "సంక్రమణం" అని వెతికేవాళ్ళు లేరు, "నాన్న చనిపోయాక పొలం పేరు మార్చడం ఎలా" అని వెతుకుతారు. శీర్షిక అలాగే పెట్టాలి. తిరువూరు తెలంగాణ సరిహద్దు. నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళలో అటువైపు పొలాలున్నవాళ్ళూ ఉండేవాళ్ళు. అందుకని ఆంధ్ర భూమి రికార్డుల సైటు మీభూమి గురించీ, తెలంగాణ సైటు ధరణి గురించీ రెండూ రాశాను. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చాక ధరణి వ్యాసాలు ఆరూ మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఒకసారి రాసి వదిలేస్తే డబ్బు వస్తూనే ఉంటుందని అంటారు. ఇలాంటి విషయాల్లో అది కుదరదు. పాత సమాచారం చదివి ఒక రైతు ఆఫీసు చుట్టూ అనవసరంగా తిరిగితే ఆ తప్పు నాది.

2023 నుంచి అనువాదాల తీరు మారిపోయింది. ఏజెన్సీలు మెషీన్‌తో అనువాదం చేసి, దాన్ని సరిచేయమని పంపుతున్నాయి, పదానికి 12 పైసలకు. చాలామంది మానుకున్నారు. మొదట్లో నాకూ టెన్షన్ వచ్చింది. ఒక ఆస్తి ఒప్పందం అలా వచ్చింది. దస్తావేజు రాసి సంతకాలు చేసి ఇవ్వడాన్ని ఇంగ్లీషులో ఏ మాటతో అంటారో, ఉరి తీయడానికీ అదే మాట. మెషీన్ "ఉరిశిక్ష తేదీ" అని రాసింది. వీలునామాకు "సంకల్పం" అని పెట్టింది. దాన్ని సరిచేయడం కంటే మొదటి నుంచి రాయడమే త్వరగా అవుతుంది. ఆ రెండు పేజీల్లోని తప్పులన్నీ పక్కన రాసి, ఈ పని గంటల లెక్కన అయితేనే చేస్తానని పంపాను. ఇద్దరు కాదన్నారు, బీమా కంపెనీ వాళ్ళు సరేనన్నారు. ఇప్పుడు గంటకు 300 తీసుకుంటున్నాను. మెషీన్ రోజురోజుకూ మెరుగవుతోంది, అలాంటి తప్పులు ఇప్పుడు తగ్గాయి కూడా. కాబట్టి ఏ విషయమూ ప్రత్యేకంగా తెలియకుండా, భాష ఒక్కటే వచ్చినవాళ్ళకు ఈ రంగంలో ముందు ముందు కష్టమే అని నా అభిప్రాయం. బ్యాంకు పనో, వ్యవసాయమో, నర్సింగో, పదేళ్ళు చేసినవాళ్ళు రాస్తే ఆ రాత వేరుగా ఉంటుంది.

పన్ను సంగతి ఎవరూ చెప్పరు, కాబట్టి రెండు మాటలు. కంపెనీలు మనకిచ్చే డబ్బులో సాధారణంగా పది శాతం టీడీఎస్, అంటే పన్ను కింద ముందే పట్టుకుని మన పేరున కడతాయి. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం. నేను రెండేళ్ళు అది పోయిన డబ్బే అనుకున్నాను. ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. ఒక ఆడిటర్ గారు, మన పేరున కట్టిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తీసి చూపిస్తే, 5,100 నా పేరున కట్టి ఉన్నాయి. రిటర్ను వేశాక ఆ డబ్బు ఖాతాలో పడింది. ఆ డబ్బుతో కుర్చీ కొన్నాను. అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నడుం నొప్పి తెచ్చుకున్నాను.

ఇప్పుడు నెలకు సగటున 20,000 వస్తోంది. అందులో 14,000 దాకా అనువాదం, సరిచూడడం. సైటు మీద 4,000, కొన్ని నెలలు అంతకూ తక్కువ, ఎందుకంటే సెర్చ్‌లో జవాబు పైనే కనిపిస్తుంటే పేజీ దాకా వచ్చేవాళ్ళు తగ్గుతున్నారు. మిగిలింది ఒక ఆన్‌లైన్ పత్రికకు నెలకు మూడు వ్యాసాలు రాస్తే వచ్చేది. వ్యాసానికి 700. ప్రెస్సు జీతం కంటే ఎక్కువే. కానీ సెలవు జీతం లేదు, పీఎఫ్ లేదు, ఒంట్లో బాగాలేని వారం ఆదాయం ఉండదు. ఆ లెక్క కూడా వేసుకోవాలి. పిల్ల స్కూలు ఫీజు మాత్రం ఈ రెండేళ్ళుగా నా డబ్బుతోనే కడుతున్నాను.

పోయిన నెలలో నూజివీడు దగ్గర్నుంచి ఒకాయన మెయిల్ రాశారు. వాళ్ళ తాతగారి 1958 నాటి పారిఖత్తు ఫొటో పంపి, అందులో ఒక మాట అర్థం కావడం లేదు, చెప్పగలరా అని. నాకూ అర్థం కాలేదు. చేతిరాత, సిరా సగం వెలిసిపోయింది. ప్రింటు తీయించి ఆదివారం తిరువూరు తీసుకెళ్ళాను. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, చాలాసేపు చూశాడు. "సామిలాత్" అన్నాడు చివరికి. ఉమ్మడిగా ఉంచుకున్నది అని అర్థమట. బావి మాత్రం అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా ఉంచుకున్నారు. మెయిల్ రాసినాయనకు జవాబు అదే రోజు రాత్రి పంపాను. ఆ మాటతో మొదలుపెట్టి, పాత దస్తావేజుల్లోని ఇలాంటి మాటలన్నిటి మీదా ఒక వ్యాసం రాస్తున్నాను. నాన్న ఇప్పటికి ముప్పై నాలుగు మాటలు చెప్పాడు.